1966 లె మాన్స్: ల్యాప్‌లు సమానమైనా మైల్స్‌కు రెండో స్థానం ఎందుకు?

ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల పందెం లె మాన్స్ 1966 ఫలితాలతో మీరు వేసిన పట్టికలో, ల్యాప్‌లు (ట్రాక్ చుట్లు) సమానమైనా మైల్స్‌కు రెండో స్థానం ఎందుకని అడిగారు. ఆ పట్టికలో చిక్కంతా ల్యాప్‌లతోనే స్థానాలు నిర్ణయించడం వల్ల వచ్చింది. డ్రైవర్లు మైల్స్, హల్మ్‌ల 1వ నంబరు ఫోర్డ్ కారు, మెక్‌లారెన్, అమన్‌ల 2వ నంబరు ఫోర్డ్ కారు రెండూ 360 ల్యాప్‌లు పూర్తిచేసినా, అప్పట్లో అక్కడ గెలుపును తేల్చింది 24 గంటల్లో సాగిన మొత్తం దూరం.

చాలామంది మరచిపోయేది ఆరంభ స్థానాన్ని. అప్పట్లో కార్లను సాధనలో నమోదైన వేగాల క్రమంలో పిట్‌ల (కార్లకు ఇంధనం నింపి, మరమ్మతులు చేసే చోట్ల) వెంబడి ఏటవాలుగా నిలిపేవారు. ఆ వరుసలో వెనుక నుంచి బయలుదేరిన మెక్‌లారెన్ కారు, చివర్లో మైల్స్ కారుతో దాదాపు కలిసి గీత దాటినందువల్ల, సుమారు 20 మీటర్లు ఎక్కువ ప్రయాణించినట్లు లెక్క తేలింది. జట్టు ఆదేశం మేరకు వేగం తగ్గించిన మైల్స్‌కు ఇది అన్యాయమే అనిపిస్తుంది గానీ, అప్పటి నియమం అదే.

మీ పట్టికను ఇలా సరిచేయండి:

1. ల్యాప్‌ల గడి పక్కన దూరం గడి చేర్చండి.
2. ల్యాప్‌లు సమానమైన చోట దూరాన్ని బట్టి వరుస పేర్చండి.
3. మూడో స్థానంలోని బక్నమ్, హచర్సన్‌ల కారు 348 ల్యాప్‌లే చేసింది కనుక దాన్ని కదపనక్కరలేదు.