అమ్మానాన్నలకి షుగర్ ఉంటే మనకీ తప్పదా? తిండి, నడక మార్చుకుంటే నిజంగా తేడా వస్తుందా?

మీరు అడిగింది చదివి పని పక్కన పెట్టి రాస్తున్నా. అమ్మానాన్న ఇద్దరికీ షుగర్ ఉంది, నాకు 36 వచ్చాయి, ఇప్పుడు అన్నం తగ్గించి రోజూ నడిస్తే ఏమైనా ఒరుగుతుందా, రాసిపెట్టి ఉంటే వచ్చేదేగా అన్నారు. ఆ "రాసిపెట్టి ఉంటే" అన్న మాట మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ విన్నానండి. దాని వల్ల ఏం జరిగిందో కూడా చూశాను. తేడా వస్తుంది, చాలా వస్తుంది. కొంచెం పెద్ద సమాధానమే, ఓపిగ్గా చదవండి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. రెండిళ్ల అవతల కండక్టర్ మావయ్య ఉండేవారు, చుట్టరికం ఏం లేదు, పిలుపు అంతే. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, ఒకే డిపో, చాలా ఏళ్లు ఒకే బస్సు మీద డ్యూటీ. పొద్దున నాలుగున్నరకి ఇద్దరూ కలిసే బయల్దేరేవారు, బస్టాండ్ దగ్గర ఒకే హోటల్లో ఒకే పూరీ తినేవారు, రోజుకి ఆరేడు టీలు, అందులో పంచదార కూడా ఇద్దరికీ సమానమే. నాన్న రోజంతా సీట్లో కూర్చునేవారు, మావయ్య రోజంతా బస్సులో ముందుకీ వెనక్కీ తిరిగేవారు. టాప్ మీద సామాను ఉంటే ఎక్కి చూసేది ఆయనే, స్టాపులో దిగి టైం రాయించేది ఆయనే. తేడా అంతవరకే.

డిపోలో యూనిఫాం గుడ్డ ఇచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి టైలర్ దగ్గరికి వెళ్లేవారు. పక్కనే సోడా కొట్టు ఉంటుంది కాబట్టి నేనూ వెంట పడేదాన్ని. ఆరో తరగతిలో ఉన్నప్పుడు వెళ్లింది ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. టైలర్ చెవి మీద పెన్సిలు తీసి, పాత కొలతల పుస్తకం తిరగేసి, పైకి చదివాడు. "కండక్టర్ గారూ, మీది అదే 30 కదండీ, టేపు ఎందుకు" అని ఆయన్ని పక్కకి పంపించేశాడు. నాన్నకి టేపు చుట్టాడు, చుట్టి మళ్లీ పుస్తకం చూశాడు, "డ్రైవర్ గారూ, పోయినసారి 34 అండి, ఇప్పుడు 37 వచ్చింది" అన్నాడు. నాన్న గట్టిగా నవ్వి "మా ఇంటావిడ వంట అలాంటిదయ్యా, లోపల రెండంగుళాలు గుడ్డ మిగిల్చి కుట్టు, మళ్లీ విప్పుకోవచ్చు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే అమ్మ మొహం వెలిగిపోయింది, ఎందుకంటే మా వైపు మొగుడు ఒళ్లు చేశాడంటే పెళ్లాం బాగా చూసుకుంటోందని లెక్క. ఆ రాత్రి కూడా నాన్న కంచంలో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఆ పైన రెండు మార్లు అన్నం, చివర్లో పెరుగన్నం. తిన్న పావుగంటకి మంచం మీద వాలడమే, పొద్దున నాలుగింటికి లేవాలి కదా పాపం. ఆ 37 చూసి ఒక్కరైనా భయపడి ఉండాల్సింది. ఎవరికీ తెలీదు.

43 ఏళ్లకి కళ్లజోడు మార్చుకుందామని వెళ్తే షుగర్ బయటపడింది. బిళ్లలు వేసుకున్నారు, తిండి మాత్రం మార్చలేదు. మా నాయనకీ షుగరే, మా తాతకీ షుగరే, రాసిపెట్టి ఉంది, ఇదీ ఆయన మాట. 52లో ఒక వానాకాలం రాత్రి డ్యూటీ దిగి వచ్చారు, అమ్మ లైటు వేస్తే వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా గచ్చు మీద ఎర్రటి మచ్చలు. చెప్పులోంచి మేకు దిగి ఎప్పట్నుంచో కాల్లోనే ఉంది, ఆయనకి తెలియనే లేదు, ఆ కాలితోనే ట్రిప్పు పూర్తిచేసి వచ్చారు. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయని మాకు ఆ రోజు తెలిసింది. రెండు వేళ్లు తీసేశారు. 61కి నాన్న పోయారు.

కండక్టర్ మావయ్యకి ఇప్పుడు 74. వాళ్లమ్మకీ షుగరే, వాళ్ల అన్నయ్యకీ షుగరే, అంటే ఆయనకి కూడా రాసిపెట్టే ఉండాలి కదా మరి? ఒక బీపీ బిళ్ల తప్ప ఏం లేదు. నన్నడిగితే మా నాన్నని తినేసింది ఆ సీటు, ఆ మారు అన్నం, ఈ రెండే. వంశం మూడోది.

ఇది నా ఒక్కదాని పిచ్చి అనుకోకండి. లండన్లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు సరిగ్గా ఇదే చూశారు. 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. అక్కడ డబుల్ డెక్కర్ బస్సులు, డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు రోజుకి కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. జీతాలూ బతుకులూ ఇంచుమించు ఒకటే, కానీ గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, అది వచ్చి ప్రాణం పోవడం కూడా వాళ్లలోనే ఎక్కువ. 1956లో ఆయనే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీసి చూస్తే డ్రైవర్లవి పెద్దవిగా వచ్చాయి. అది చదివిన రోజు నాకు మా టైలర్ పుస్తకం గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరి ఉంటారని కొందరు వాదిస్తారు. ఉండొచ్చు, కానీ మా నాన్న చేరినప్పటి ఫోటోలో మావయ్య కంటే సన్నంగా ఉన్నారండి. ఆ మోరిస్ గారు రోజూ వ్యాయామం చేస్తూ 99 ఏళ్లు బతికారు.

ఇక నా సంగతి. 39లో ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్టు 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్ గీత మీద ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ ఉన్నట్టే. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు, దానికి అంటుకున్న చక్కెరని బట్టి గడిచిన రెండుమూడు నెలల సగటు చెప్తుంది ఆ టెస్టు, అందుకే ముందు రోజు రాత్రి ఉపవాసం ఉండి దాన్ని మోసం చెయ్యలేం. ఆ కాగితం చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత ఒక గ్లూకోమీటర్ కొన్నాను. ఒక రాత్రి మామూలుగా తిని, టీవీ ముందు కూర్చుని, గంటన్నరకి చూస్తే 184. మర్నాడు అదే కూర, అదే అన్నం, తినగానే వీధి చివరి దాకా నాలుగు రౌండ్లు, ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది, చూస్తే 143. వారం పాటు రోజు మార్చి రోజు చూశాను, అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా నడిచిన రోజు ప్రతిసారీ తక్కువే. కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు, కండ కదిలినప్పుడు రక్తంలో చక్కెరని అదే లాక్కుంటుంది, ఇన్సులిన్ మొరాయించే ఒంట్లో కూడా ఈ దారి పనిచేస్తుంది. మన కాలి కండలే ఒంట్లో పెద్దవి. వాటిని సోఫాకి అప్పగించేసి జబ్బుని తాతముత్తాతల మీద వేస్తాం.

అన్నం మానలేదు నేను, మేం గోదావరి వాళ్లం, మానను కూడా. మారు మానేశాను. ముందు కూర, పప్పు ఎక్కువ పెట్టుకుని తర్వాత ఒక కప్పు అన్నం. ఎనిమిది నెలల్లో 5.6 అయింది. ఇప్పుడు నాకు 45, ఇంకా ఆరు లోపే ఉంది.

ఈ చిరుధాన్యాల గురించి చెప్పకపోతే నాకు తోచదు. మా అపార్ట్‌మెంట్లో సగం మంది బియ్యం మానేసి కొర్రలు తింటున్నారు, మంచిదే, పీచు ఎక్కువ. కానీ బియ్యంలో 100 గ్రాములకి 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే కొర్రల్లోనూ 60 గ్రాముల దాకా ఉంటుంది. "ఇది మిల్లెట్టే కదా" అని ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే ఏం మిగిలింది? అలాగే షుగర్ ఫ్రీ బిస్కెట్లు, వాటిలో మైదా ఎక్కడికి పోతుంది? వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది వీడియోల్లో ఫలానా కషాయం తాగండి, బిళ్లలు ఆపేయండి అని చెప్పేవాళ్లు. మా పిన్ని అలాగే ఆపి ఐసీయూ దాకా వెళ్లొచ్చింది. బిళ్లలు వాడుతున్నవాళ్లు తిండి మార్చినా నడిచినా డాక్టర్ని అడక్కుండా ఏదీ ఆపొద్దు, దయచేసి.

ఇంకొకటి, కొసరి కొసరి వడ్డించడం. పెళ్లిళ్లలో, పుట్టింట్లో, అత్తింట్లో వద్దు అని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల మధ్యలోంచి వేస్తారు. తినకపోతే అలిగినట్టు. ప్రేమేనండి, కాదనను, మా అమ్మదీ ప్రేమే, ఆ ప్రేమే నాన్న కంచంలో రెండో మారు అయింది. మా ఇంట్లో నేను గిన్నెలు మధ్యలో పెట్టేస్తాను, ఎవరిది వాళ్లు వడ్డించుకుంటారు. అత్తగారు మొదట్లో నొచ్చుకున్నారు, ఇప్పుడు అలవాటైంది.

ఆడవాళ్లకి "ఇంటి పనే వ్యాయామం" అంటారు చూడండి, అది కూడా నమ్మకండి. మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ వచ్చాక మనం స్టవ్ ముందు నిలబడుతున్నాం అంతే, రుబ్బడం లేదు, తోడడం లేదు.

మీరు అడిగింది దీర్ఘకాలం గురించి కదా. చైనాలో దాచింగ్ అనే ఊళ్లో 1986లో మొదలుపెట్టారు, షుగర్ గీత మీద ఉన్న 577 మందిలో కొందరికి ఆరేళ్లు తిండి, వ్యాయామం దగ్గరుండి మార్పించారు. 30 ఏళ్ల తర్వాత చూస్తే వాళ్లకి షుగర్ రావడం సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యమైంది, ఆయుష్షు కూడా ఏడాది పైనే పెరిగింది. ఆరేళ్లు చేసింది 30 ఏళ్లు కాచింది. మన దగ్గర చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించింది, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్లతో 26.4 శాతం. మనవాళ్ల మీద, మన తిండి మీద చేసింది అది, అందుకే నాకు దాని మీద ఎక్కువ గురి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది గీత మీద ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే చెప్పింది. ఈ 13.6 కోట్ల మందికీ మా టైలర్ పుస్తకం ఒకసారి చూపించాలని ఉంటుంది నాకు.

టైం ఉండదు అని కూడా రాశారు. జిమ్ వద్దు, షూస్ కూడా వద్దు. ముందు హెచ్‌బీఏ1సీ చేయించుకోండి, కుదిరితే ఈ వారమే. ఒక టేపు తెచ్చి బొడ్డు దగ్గర నడుము కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి, మళ్లీ మూడు నెలలకి కొలవండి. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, గిన్నెలు సింకులో వదిలేసి, చెప్పులేసుకుని బయటికి వెళ్లండి. అమ్మానాన్నలని కూడా తీసుకెళ్లండి, మెల్లగా నడిచినా ఫర్వాలేదు. ఇంటికొచ్చాక వాళ్ల పాదాలు రోజూ లైటు కింద ఒకసారి చూడండి, వేళ్ల సందుల్లో కూడా.