లోధీ కాలనీ గోడచిత్రాలు: ఐదేళ్ల పాపతో ఎలా చూడాలి?

నమస్కారమండీ. ఢిల్లీ లోధీ కాలనీ గోడచిత్రాలు చూపించబోతే మీ ఐదేళ్ల పాప నాలుగో బొమ్మ దగ్గరే ఎత్తుకోమని మారాం చేసిందని రాశారు. చిక్కంతా అన్నీ చూడాలన్న పట్టుదలతోనే వస్తుంది. 2016 ప్రాంతం నుంచి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో దేశవిదేశాల చిత్రకారులు అక్కడ యాభైకి పైగా గోడలకు బొమ్మలు వేశారు. ఒక్క పూటలో అవన్నీ చూడడం పెద్దవాళ్లకే కష్టం.

ఖన్నా మార్కెట్, మెహర్‌చంద్ మార్కెట్ల మధ్య రెండు మూడు వీధులు చాలు. ఆ పాత ప్రభుత్వ క్వార్టర్ల గోడల మధ్యలో ఎత్తైన కమాను ద్వారాలు ఉంటాయి కాబట్టి, చిత్రకారుడు ఆ ద్వారాన్ని బొమ్మలో ఎలా కలుపుకున్నాడో కనిపెట్టమని పాపనే అడగండి. దగ్గర నిలబడితే పిల్లలకు రంగులు తప్ప బొమ్మ తెలియదు. ముందు ఎదుటి కాలిబాట నుంచి చూపించి, ఆ తర్వాత గోడ దగ్గరకు తీసుకెళ్లండి. లోపల కుటుంబాలు కాపురముంటున్నాయి కనుక ద్వారం దాటి వెళ్లకపోవడం మర్యాద. చలికాలమైతే మంచు విడిచాక, వేసవిలో ఎనిమిది లోపే వెళ్లి, పాప అలిసిపోకముందే లోధీ గార్డెన్‌కు ఆటో ఎక్కండి.