నిరీక్షణ అంటే ఎదురుచూపేనా?

సందేహం: మా సంఘంలో పిల్లలు క్రిస్మస్ కార్డు తయారుచేస్తూ ‘ఈ పండుగ మీ ఇంట నిరీక్షణ నింపును గాక’ అని రాశారు. నిరీక్షణ అంటే ఎదురుచూడటం కదా! యేసు పుట్టిన రోజున ఇంకా ఎదురుచూపులేమిటి, ‘ఆశ’ అని మార్చమన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు. ఎవరి మాట సరైనది? అలాగే బైబిల్లో ‘మరణమువరకు నమ్మకముగా ఉండుము’ అన్నచోట నమ్మకముగా అంటే దేవుణ్ణి నమ్ముతూ అనా, నమ్మదగినవాళ్లుగా అనా?

సమాధానం: పిల్లలు రాసింది సరైనదే, మార్చకండి. కానీ మీకు వచ్చిన అనుమానంలోనూ న్యాయం ఉంది. బస్సు కోసం గంటసేపు నిరీక్షించాం, పరీక్ష ఫలితాల కోసం నిరీక్షణ అని రోజూ అంటాం, పేపర్లలో చదువుతాం. అక్కడ కాలం గడపడమే ఉంది, ధీమా లేదు. బస్సు రావచ్చు, రాకపోవచ్చు. బైబిలు తెలుగులో మాత్రం ఈ మాటకు ఇంకో బరువు పడింది. తప్పకుండా జరుగుతుందన్న నమ్మకంతో ముందుకు చూడటం అని అక్కడి అర్థం. ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును’ అని కొరింథీయుల మొదటి పత్రిక (అంటే లేఖ) 13వ అధ్యాయంలో చదువుతున్నప్పుడు బస్టాండు ఎవరికీ గుర్తుకురాదు.

మరి అనువాదకులు అక్కడ ‘ఆశ’ అని ఎందుకు వెయ్యలేదు? హిందీ బైబిల్లో ఆ చోట ‘ఆశా’ అనే ఉంది. కన్నడంలో మాత్రం మనలాగే ‘నిరీక్షె’. నాకు తోచిన కారణం ఇది. తెలుగులో ఆశ అనగానే ముందు కోరిక గుర్తొస్తుంది, ఆ వెనకే కక్కుర్తి. పేరాశ, అత్యాశ, దురాశ అన్న మాటలు చూడండి. ‘ఆశ లావు పీక సన్నం’ అని సామెత. బైబిల్లో కూడా ‘నీ పొరుగువాని యిల్లు ఆశింపకూడదు’ అన్నది పది ఆజ్ఞల్లోని మాట. యోహాను హెచ్చరించింది శరీరాశ, నేత్రాశల గురించి. గలతీయుల పత్రికలో ఆత్మ ఫలాల వరుసలో చివరిది ‘ఆశానిగ్రహము’. ఆశను అదుపులో పెట్టుకోమని ఒక పేజీలో చెప్పి, ఆశ కలిగి ఉండమని ఇంకో పేజీలో చెబితే వినేవాళ్లు తికమకపడతారు. అలాగని ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చలేదు. 130వ కీర్తనలో ‘ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను’ అని ఎంతో అందంగా ఉంది. అందుకే మీరు సూచించిన మాట తప్పని నేననను. పిల్లలు ఎంచుకున్నది ఇంకా గట్టి మాట, అంతే.

ఇక ‘పండుగ రోజున ఎదురుచూపులేమిటి’ అన్న ప్రశ్న. దీనికి తీతు పత్రిక రెండో అధ్యాయంలో ఒక్క వాక్యం చాలు. కథోలిక సంఘాల్లో క్రిస్మస్ అర్ధరాత్రి పూజలో చదివే భాగమే అది. దేవుని కృప ‘ప్రత్యక్షమై’ అని మొదలవుతుంది. అంటే వచ్చేసింది, పశువుల తొట్టిలో పడుకుంది. ఆ తర్వాత ‘దురాశలను విసర్జించి, శుభప్రదమైన నిరీక్షణ నిమిత్తము’ అంటూ, యేసుక్రీస్తు మహిమ ‘ప్రత్యక్షత కొరకు ఎదురుచూచుచు’ బతకాలని చెబుతుంది. యేసు పుట్టుకతో జరిగిన రాకడ, ఆయన మళ్లీ వచ్చే రాకడ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇంకా గమనించండి, దురాశ, నిరీక్షణ, ఎదురుచూచు అనే మూడు మాటలూ పక్కపక్కనే, మూడూ వేరు వేరు పనుల్లో ఉన్నాయి. నిరీక్షణ, ఎదురుచూపు ఒకటే అయితే రెండింటినీ అక్కడ వాడే అవసరమే ఉండేది కాదు.

నన్ను బాగా కదిలించే సంగతి ఇంకొకటి ఉంది. నిరీక్షణలోని ‘ఈక్ష’కు చూడటం అని అర్థం. ఎదురుచూపులో చూపు ఉంది. బైబిల్లో వేచి ఉండటానికి వాడే అచ్చ తెలుగు మాట ‘కనిపెట్టు’లోనూ కనడం, అంటే చూడటమే ఉంది. ఇప్పుడు కనిపెట్టడం అంటే కొత్త యంత్రమేదో తయారుచేయడం అనుకుంటున్నాం గానీ, పసివాణ్ణి కనిపెట్టుకుని ఉండమని ఇళ్లలో ఇప్పటికీ అంటారు. లూకా సువార్త రెండో అధ్యాయంలో సుమెయోను ‘ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు’. ఆ ముసలాయన దేవాలయంలో పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుని అన్న మాటలో ‘కన్నులార చూచితిని’ అని ఉంది. కనిపెట్టిన కన్ను కన్నులారా చూసింది. ఈ అందం తెలుగులో చదివేవాళ్లకే దొరుకుతుంది.

సమాధి దగ్గర పాదిరిగారు చదివే మాట మీరూ వినే ఉంటారు, ‘నిరీక్షణలేని యితరులవలె’ దుఃఖపడవద్దని. అక్కడ ‘ఎదురుచూపులేని’ అని పెట్టి చదివి చూడండి. వాక్యం కూలిపోతుంది.

మీ రెండో సందేహానికి వస్తే, నమ్మకం అనే మాట రెండు వైపులా పలుకుతుంది. ‘ఆయన మీద నాకు నమ్మకం’ అన్నప్పుడు అది నమ్మేవాడిలో ఉంది. ‘నమ్మకమైన మనిషి’ అన్నప్పుడు ఎదుటివాళ్లు నమ్మే మనిషిలో ఉంది. గ్రీకు మూలంలో ఆ చోట ఉన్న ‘పిస్తోస్’కు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ప్రకటన గ్రంథంలో మీరడిగిన ఆ వాక్యం చెబుతున్నది చెరసాల పాలు కాబోతున్న స్ముర్న సంఘానికి. కాబట్టి అక్కడ రెండో అర్థమే తీసుకోవాలి: ప్రాణం మీదికి వచ్చినా ఇచ్చిన మాట తప్పకుండా నిలబడండి అని. ‘భళా, నమ్మకమైన మంచి దాసుడా’ అన్నచోట కూడా అదే అర్థం. హెబ్రీయుల పత్రిక పదో అధ్యాయంలో ఇదే గుణం దేవునికి చెప్పారు. మన నిరీక్షణను నిశ్చలంగా పట్టుకుందాం, ఎందుకంటే ‘వాగ్దానము చేసినవాడు నమ్మదగినవాడు’ అని. బస్సు కోసం చేసే నిరీక్షణలో లేని ధీమా ఈ నిరీక్షణకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ కార్డు సంఘం బయటి ఇళ్లకూ వెళుతుందంటే, అడుగున ఆ తీతు వాక్యం వేయించండి. పిల్లలు రాసిన వరుసకు అర్థం అదే చెబుతుంది.