ట్రెయిల్ పనికి వెళ్లబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే శనివారం వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ వారితో కలిసి, సియాటిల్ పక్కనున్న ఇసాక్వా ఊరి దగ్గరి టైగర్ మౌంటెన్ మీద కాలిబాట బాగుచేసే పనికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. 1993 నుంచి వాలంటీర్లతో ఈ పని చేయిస్తున్న ఆ సంస్థవారు మొదట క్షేమం, తరువాత సరదా, ఆ పైనే పని అంటారు. మనవాళ్లు చాలామంది ఈ వరుసను తిరగేసి, వెళ్లిన మొదటి గంటలోనే అందరికంటే ఎక్కువ మట్టి తవ్వి చూపించాలనుకుంటారు.

మీ అమ్మ భయమంతా ఎలుగుబంటి గురించే. పది మంది పారలతో చప్పుడు చేస్తున్న చోటికి అది సాధారణంగా రాదు కనుక, నీ ధ్యాస నీ పక్కవాడి చేతిలోని పనిముట్టు మీద ఉండాలి. నీకు పులాస్కీ ఇస్తారు. దానికి ఒకవైపు గొడ్డలి, రెండోవైపు పార ఉంటాయి గనుక, అది ముందుకు వచ్చినప్పుడే కాదు, వెనక్కి లేచినప్పుడు కూడా కోస్తుంది. అందుకే ఇద్దరి మధ్య కనీసం 10 అడుగుల దూరం ఉంచమంటారు. పనిచేస్తున్నవారిని దాటి వెళ్లవలసి వస్తే, ఆ దూరం బయటే ఆగి, గట్టిగా పిలిచి, వారు పని ఆపి పనిముట్టును నేలకు ఆనించి నీ వైపు చూసిన తరువాతనే కదులు. నడిచేటప్పుడు దానిని భుజాన వేసుకోకు; లోయవైపు చేతితో, పక్కగా, కిందికి దించి పట్టుకుంటే, కాలు జారినప్పుడు దానిని దూరంగా వదిలేసే వీలుంటుంది.

రాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గడ్డపారతో ఎత్తిన రాతి కింద వేళ్లు పెట్టకు. కదిలించే ముందు కింది మలుపులో మనుషులు లేరని చూసుకో. ఆ బాట మీద పనిరోజున కూడా కుటుంబాలు, కుక్కలు నడుస్తూనే ఉంటాయి. రాయి చేజారితే "రాక్!" అని కేక వెయ్యి, అంతే, దానిని ఆపాలని కాలు అడ్డుపెట్టకు. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఎండి నిలబడ్డ చెట్ల కింద భోజనానికి కూర్చోవద్దు.

వేసవి చివర పుచ్చిన దుంగలలోనూ నేల బొరియలలోనూ కందిరీగలు గూడు కడతాయి. నీకు కుట్టుడు పడదని తెలిస్తే, మందు ఏ జేబులో ఉందో ఉదయమే క్రూ లీడరుకు, అంటే ఆ రోజు పని నడిపించేవారికి, చెప్పు. వానాకాలంలో జీన్స్, కాటన్ చొక్కా వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్నిగానీ సింథటిక్ బట్టలుగానీ వేసుకొని, పొడి జత ఒకటి సంచిలో పెట్టుకో. హెల్మెట్, చేతొడుగులు వారే ఇస్తారు.

ఇక, ఇతరులకు తట్టని మాట ఒకటి నేను చెప్పాలి. నీవు వెళ్లే పనిరోజు శనివారం. నీవు శనివారం ఒక్కపొద్దు ఉంటావు. ఖాళీ కడుపుతో కొండ ఎక్కి తవ్వితే, మధ్యాహ్నానికి చేయి వణికి గురి తప్పుతుంది. ఆ వారానికి ఉపవాసం మానుకో, లేదా ఆదివారం పనికి పేరు ఇచ్చుకో. అలసిపోతే మొహమాటపడకుండా చెప్పు. నేను చూసిన దెబ్బలలో ఎక్కువ భాగం భోజనం తరువాత, "ఇంకొంచెమే కదా" అనుకున్నవారికే తగిలాయి. క్రూ లీడరు నీకు తేలికైన పని ఇస్తే, దానిని చిన్నతనంగా తీసుకోకు. కొమ్మలు ఏరి పక్కన వేసేవారూ అక్కడ కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఐ-90 హైవే మీద నిద్ర వచ్చేలా ఉంటే, ఇసాక్వాలోనే ఆగి కాఫీ తాగి, కాసేపు కారులో కళ్లు మూసుకో. ఎన్ని గంటలకు ఇల్లు చేరతావో బయలుదేరే ముందే మీ అమ్మకు చెప్పు. కొండ మీద కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, ఆమె నాకు ఫోన్ చేస్తూ కూర్చుంటుంది.

ఇట్లు,
మీ మామయ్య