పాట కట్టినవాళ్ల పేరు చెప్పమ్మా

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రేడియో డెమో మూడుసార్లు విన్నాను. మొదటిసారి కోపమొచ్చి సగంలోనే ఆపేశాను. ‘నానాటి బ్రతుకు’ వేసే ముందు, "ఐదొందల ఏళ్ల నాటి బాణీ, అన్నమయ్య పాడినట్టే వినండి" అన్నావు చూడు, అక్కడ. తిరుపతిలో పుట్టి పెరిగిన పిల్లవి, ఆ మాట ఎట్లా అన్నావమ్మా? తిరుమల గుడిలో దొరికిన రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న ఆ రేవతి రాగం వరుస కర్ణాటక సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టింది. ఆయన పోయింది 2014లో. మొన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషి కష్టాన్ని ఒక్క మాటతో తుడిచేశావు. పైగా పాట మొదలై వయొలిన్ మోగుతా ఉన్నా నువ్వు మాట్లాడతానే ఉన్నావు.

రాసిందెవరు, వరుస కట్టిందెవరు, పాడిందెవరు? ఈ మూడూ చెప్పకుండా పాట వేసే హక్కు రేడియో మనిషికి లేదు. నా ఉద్యోగంలో నేను పడిన తగాదాలన్నీ దీని కోసమే. నేను పనిచేసిన చోట ఒక అధికారి నా స్క్రిప్టులో కవుల పేర్లు ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు. "వినేవాళ్లకి పేర్లెందుకయ్యా, టైం దండగ" అనేవారు. ఆ కాగితాలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు కొట్టేసేవాళ్లు కూడా అక్కర్లేదు. ఏ పాట తర్వాత ఏ పాటో కంప్యూటర్ చెబుతుంది, పాటకీ పాటకీ నడుమ మనం చెప్పే లింకు అర నిమిషంలో అయిపోవాలంటారు, ముందు ఎగిరిపోయేది కవి పేరే.

నాకు సంగీతం చెప్పిన గురువు లేడు. మా పల్లెలో టీ అంగడి రేడియోనే గురువు. శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం కోసం బెంచీ చివర కూర్చుని నోటుబుక్కులో పేర్లు రాసుకునేవాణ్ణి. షార్ట్ వేవ్ కదా, గొంతు దగ్గరికొచ్చి దూరంగా పోయేది. సరిగ్గా "రచన" అనేసరికి గరగర. సగం పాటల పక్కన ఖాళీలే. ఆదివారం చిత్తూరు బజారులో రికార్డుల అంగడికి పోయి వాటిని నింపుకునేవాణ్ణి. అంగడాయన ఊరికే చూపించడు, 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి అట్టల్లో పెట్టమనేవాడు. లేబులు మీద అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, రికార్డును చేతుల్లో తిప్పుకుంటా చదవాల. ఒకసారి చెయ్యి జారి ఒకటి పగిలింది. లక్కతో చేసినవి, పడితే ముక్కలే. నెల రోజులు ఆ అంగడి ఊడ్చి బాకీ తీర్చాను. ఆ ముక్కల్లో లేబులున్న ముక్క మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

ఉద్యోగం మానేసి రేడియోకి వచ్చేయాలా అని అడిగావు. వద్దు. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సరుగా, అంటే అవసరమైనప్పుడు డ్యూటీకి పిలిచే తాత్కాలిక అనౌన్సరుగా, నెగ్గినా నెలకి 6 డ్యూటీలు దాటవు, దాంతో ఇల్లు గడవదు. ఆడిషన్‌కి పో, ఆకాశవాణి వాళ్లు అనౌన్సర్లకి నేర్పే వాణి కోర్సు చెయ్యి, జీతం వచ్చే పని మాత్రం వదలొద్దు.

డెమోలో ఒకచోట, "మా అవ్వ శెనక్కాయలు వొలుస్తా పాట వినేది, పాట అయిపోతే చెయ్యి ఆగిపోయేది" అన్నావు. అక్కడ నీ అరువు యాస పోయి నీ గొంతు వచ్చింది. మూడోసారి విన్నది ఆ ముక్క కోసమే.

మళ్లీ రికార్డు చేసి పంపు. వయొలిన్ మొదలైతే నోరు మూసుకో. నేదునూరిలో ‘నే’ దీర్ఘం, మింగెయ్యొద్దు. అవ్వ మాట అట్లే ఉంచు. ఆమె చెయ్యి ఆగిపోయింది ఏ పాట దగ్గరో, అది ఎవరు రాసిందో కనుక్కుని నాకు రాయి.