క్లిప్పు ఊడి తీగ గుచ్చుకుంటోంది

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు, వంకర పళ్లు సరిచేయడానికి క్లిప్పులు వేయించాం. జంతికలు తింటుంటే వెనక పంటి బ్రాకెట్ (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న బిళ్ల) ఊడి తీగకు వేలాడుతోంది. తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటోంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది 3 వారాల తర్వాత. అంతవరకు ఆగవచ్చా?

జవాబు: ఆగకండి, ఫోన్ చేసి ఈ వారమే చూపించండి. బ్రాకెట్ లేని పంటిని తీగ సరిగా లాగలేదు, చికిత్స ఆలస్యమవుతుంది. ఈలోగా తీగ కొసను దూదితో తుడిచి ఆరనిచ్చి, క్లిప్పులకు అద్దే మెత్తటి మైనమైన ఆర్థో వ్యాక్స్‌ను బఠాణీ గింజంత ఉండ చేసి అద్దండి. తడి మీద వ్యాక్స్ అంటదు, చాలామందికి ఊడిపోయేది అందుకే. తీగను ఇంట్లో కత్తిరించవద్దు. ముక్క గొంతులోకి జారవచ్చు. బుగ్గ ఒరుసుకుపోతే గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమనండి. బ్రాకెట్ చేతికొస్తే పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఇక జంతికలంటారా, క్లిప్పులు తీసేదాకా పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెట్టడమే!