పోయినవాళ్లకు ఏ మాట వాడావు, తమ్మీ?

తమ్మీ,

'కంట్రోల్ రూమ్' డాక్యుమెంటరీ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ తాలూకా పిల్లవాడు, బడంతా మరాఠీలో చదివి తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవాడు, ఇంత దూరం ఆలోచించి తెలుగులో రాశాడంటే నాకు చాలా సంతోషమేసింది. ఆ మాట ముందు చెప్పి మిగతాది మొదలుపెడతాను.

2003 ఇరాక్ యుద్ధం, ఖతార్‌లో అమెరికా సైన్యం పెట్టిన మీడియా సెంటర్, అరబిక్ న్యూస్ ఛానల్ అల్ జజీరా న్యూస్‌రూమ్, ఇవన్నీ బాగానే చెప్పావు. కానీ పక్షపాతమంటే అబద్ధాలు చెప్పడమే అన్నట్టు రాసుకుంటూ పోయావు. ఆ సినిమాలో జాష్ రషింగ్ అని ఒక అమెరికన్ ప్రెస్ ఆఫీసర్ ఉంటాడు చూడు. చనిపోయిన అమెరికన్ సైనికుల్ని అల్ జజీరాలో చూసి తట్టుకోలేకపోయానని చెప్తూ చెప్తూ, అంతకుముందు రాత్రి అదే ఛానల్లో ఇరాకీల శవాలు చూసినప్పుడు తనకు అంత బాధ కలగలేదని గుర్తొచ్చి, అది తనను లోపల్లోపల కలవరపెట్టిందని ఒప్పుకుంటాడు. నువ్వు ఆ సీన్‌కి ఒక్క వాక్యం ఇచ్చావు. నేనైతే వ్యాసం అక్కడే మొదలుపెట్టేవాణ్ణి. అతనేమీ అబద్ధమాడలేదు, అయినా అతని మనసు ముందే ఒక పక్కన నిలబడి ఉంది. మన అందరి సంగతీ అదే.

నా సంగతే చెప్తా. 2019 మే 1న మన జిల్లాలోనే కుర్ఖేడా తాలూకా జాంబుళ్‌ఖేడా దగ్గర మావోయిస్టుల మందుపాతర పేలి 15 మంది పోలీసు జవాన్లు, వాళ్ల బండి నడుపుతున్న డ్రైవర్ చనిపోయారు. అప్పుడు నేనొక పేపర్‌కి కంట్రిబ్యూటర్‌ని. జవాన్లు 'అమరులయ్యారు' అని రాసి, అదే వాక్యం చివర డ్రైవర్ 'మృతి చెందాడు' అని రాశాను. ఒకే బండి, ఒకే పేలుడు. ఎవరూ నన్ను అలా రాయమనలేదు, చెయ్యి దానంతటదే రాసేసింది. మర్నాడు పేపర్ చూసుకున్నాక తట్టింది, ఆ డ్రైవర్ ఇంట్లో వాళ్లు ఆ వాక్యం చదివి ఉంటే ఎట్లా ఉండేదో అని. ఆ రోజు నుంచి ఏ వార్త చదివినా ముందు క్రియ చూస్తాను. నేలకొరిగారు, హతమయ్యారు, మట్టుబెట్టారు, బలయ్యారు, అసువులు బాశారు. మన తెలుగులో చావుకి ఇన్ని మాటలున్నాయి, ప్రతిదానికీ ఒక పక్షం ఉంది. మరాఠీ పేపర్లలో శత్రువుని చంపితే 'కంఠస్నాన్' అని రాస్తారు, నువ్వూ చూసే ఉంటావు.

'ఎదురుకాల్పులు' అనే మాటనే తీసుకో. అటునుంచి కూడా కాల్చారని ఆ మాటే సాక్ష్యం చెప్పేస్తుంది. 2018 ఏప్రిల్ 22న మన జిల్లా కసనాసూర్ దగ్గర పోలీసుల కాల్పుల్లో మనుషులు పోయినప్పుడు నేను ఆ మాట ఏమాత్రం ఆలోచించకుండా వాడాను. మొదటి రోజు 16 మంది పోయారన్నారు, తర్వాత ఇంద్రావతిలో శవాలు తేలాయి, లెక్క 40 దాకా పోయింది. మా పిల్లలు పెళ్లికని వెళ్లి తిరిగి రాలేదని గట్టెపల్లి ఊరివాళ్లు చెప్పారు, ఆ పిల్లలు కొత్తగా మావోయిస్టు దళంలో చేరినవాళ్లేనని పోలీసులు చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకే వార్తలో పక్కపక్కన ఉండాలి. నేను మాత్రం ప్రెస్ నోట్ దగ్గరే ఆగిపోయాను, గట్టెపల్లి పోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మా నాయనమ్మ తను చూడనిది ఎప్పుడూ చూసినట్టు చెప్పేది కాదు. 'కొట్టుకున్నారట', 'పోయాడట' అనేది. ఆ 'అట' ఎంత నిజాయితీ గల మాటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పేపర్లో 'అట' అని రాస్తే డెస్క్ కొట్టేస్తుంది, సరే, దాని బదులు ఎవరు చెప్పారో రాయి, ప్రతిసారీ రాయి, వాక్యం పొడుగైనా ఫర్వాలేదు. 2025 మేలో జమ్మూ కశ్మీర్‌లోని పూంఛ్‌లో పాకిస్తాన్ షెల్లింగ్‌కి చనిపోయిన ఒక టీచర్‌ని కొన్ని ఛానళ్లు టెర్రరిస్ట్ అని చూపించాయి, అది తప్పని చివరికి పోలీసులే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. నీకెవరు చెప్పారు అని ఆ న్యూస్‌రూమ్‌లో ఒక్కరు అడిగి ఉంటే ఆ కుటుంబానికి ఆ రెండో దెబ్బ తగిలేది కాదు.

ఇంకొకటి. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దోస్ చౌరస్తాలో సద్దాం విగ్రహం కూల్చిన సీన్ బాగా రాశావు. దగ్గరి షాట్లో జనం కిక్కిరిసినట్టుంటారు, దూరం నుంచి తీసిన ఫొటోలో చౌరస్తా చాలామటుకు ఖాళీ. కానీ విదేశీ విలేకరులు దిగిన పాలస్తీనా హోటల్ ఆ చౌరస్తా పక్కనే ఉందని రాయలేదు. కెమెరా ఎక్కడుంది, ఎవరి బండెక్కి అక్కడికి వచ్చింది అన్నది కూడా రాయాలి. ఆ యుద్ధంలో 600 మందికి పైగా విలేకరులు సైన్యంతోనే ప్రయాణం చేశారు, వాళ్లతోనే తిన్నారు, వాళ్ల పక్కనే పడుకున్నారు. నిన్ను కాపాడుతున్నవాడి గురించి నువ్వేం రాస్తావు? వాళ్లని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, రేపు నువ్వు కూడా ఎవరిదో ఒకరి జీపెక్కక తప్పదు. ఎక్కినప్పుడు ఎక్కానని రాయి.

ఇప్పుడు నీ రెండో పేజీ తియ్యి. ఏప్రిల్ 8న అల్ జజీరా ఆఫీసు మీద అమెరికా దాడిలో తారిఖ్ అయ్యూబ్ 'బలయ్యాడు' అని రాశావు. అదే రోజు పాలస్తీనా హోటల్ మీద అమెరికా ట్యాంకు కాల్పుల్లో పోయిన రాయిటర్స్ కెమెరామన్ తరాస్ ప్రొత్స్యుక్, స్పెయిన్ టీవీ కెమెరామన్ హోసే కౌసోలకు 'మరణించారు' అని రాశావు. ఎందుకు? నాకు జవాబు రాయనక్కర్లేదు, నువ్వు కూర్చుని ఆలోచించు, ఆ పేజీ మళ్లీ రాయి.

వచ్చే వారం అహేరి పని మీద వస్తున్నా. బస్టాండ్ దగ్గర కలుద్దాం, పాత కాగితాలు, కొత్తవి రెండూ తెచ్చుకో. ఆ కసనాసూర్ వార్త కటింగ్ నేనూ తెస్తాను.

మీ అన్న
సిరొంచ